ట్యాలీలో లెక్క తేడా వస్తే ఎక్కడ వెతకాలి, ఎలా దిద్దాలి

నెలలో పదో తారీఖు దాటిందంటే నాకొచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. "ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందండీ, బ్యాంకు మాత్రం కలవట్లేదు." "నిన్న కొట్టిన బిల్లు ఇవాళ కనబడట్లేదు." "గల్లాపెట్టెలో డబ్బులున్నాయి, ట్యాలీలో క్యాషు మైనస్ చూపిస్తోంది." నేను తెనాలిలో ఐదారు షాపుల లెక్కలు ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్లో రాస్తాను. అడిగినవాళ్ళకల్లా విడివిడిగా చెప్పలేక ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. మీటలన్నీ ట్యాలీ ప్రైమ్‌వి. ఇంకా పాత ఈఆర్‌పీ 9 వాడేవాళ్ళకి మెనూలు కాస్త వేరుగా ఉంటాయి, వెతికే పద్ధతి మాత్రం ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ట్యాలీలో మొత్తాలు ఎప్పుడూ సరిపోతాయి. డెబిటూ క్రెడిటూ సమానం కాకపోతే అది వోచర్ని, అంటే మనం కొట్టే ఎంట్రీని, సేవ్ చెయ్యదు కదా. మూడు వేలని ముప్ఫై వేలుగా కొట్టినా రెండు వైపులా ముప్ఫై వేలే పడుతుంది, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టీ) చక్కగా కలుస్తుంది. అందుకని కంప్యూటర్లోనే చూస్తూ కూర్చుంటే తప్పు దొరకదు. బయటి కాగితం పక్కన పెట్టుకుని చూడాలి. కింద చెప్పేదంతా ఏ తప్పుకి ఏ కాగితం పట్టుకోవాలన్నదే.

కావలసినవి

- బ్యాకప్‌కి ఒక పెన్‌డ్రైవ్
- తేడా వచ్చిన కాలానికి బ్యాంకు స్టేట్‌మెంట్. పాస్‌బుక్కు కన్నా డౌన్‌లోడ్ చేసిన స్టేట్‌మెంట్ నయం, రిఫరెన్స్ నంబర్లు పూర్తిగా ఉంటాయి
- అమ్మకాల బిల్లు బుక్కు, కొనుగోలు బిల్లుల ఫైలు
- పెద్ద పార్టీల దగ్గర్నుంచి ఖాతా నకలు. అడిగితే వాట్సాప్‌లో పంపిస్తారు
- జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకున్న జీఎస్టీఆర్-2బి, అంటే సప్లయర్లు మన పేరు మీద చూపించిన బిల్లుల పట్టీ. ఇది 14వ తేదీకి తయారవుతుంది
- పోయిన సంవత్సరానికి ఆడిటర్ గారు సంతకం చేసిన బ్యాలెన్స్ షీటు
- పెన్సిలు, నోటుబుక్కు. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను

1. ముందు బ్యాకప్

ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఆ రోజు తేదీతో ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. నిన్నటి బ్యాకప్ మీదే ఇవాళ్టిది ఎక్కించకండి. నిన్నటిదే మంచిదని రేపు తేలొచ్చు.

జాగ్రత్త: పాత బ్యాకప్‌లో ఏముందో చూద్దామని రిస్టోర్ చేసేవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. నడుస్తున్న కంపెనీ ఫోల్డర్లోకే రిస్టోర్ చేసేస్తారు. దాంతో ఈ మధ్య కొట్టిన ఎంట్రీలన్నీ పోతాయి. వేరే ఫోల్డర్ చేసి అక్కడ తెరిచి చూసుకోండి.

2. తేడా ఎంత, ఎప్పటి నుంచి?

"బ్యాంకు కలవట్లేదు" అనుకుంటూ ఏప్రిల్ ఒకటి నుంచి ఒక్కో ఎంట్రీకీ టిక్కు పెట్టుకుంటూ వస్తే రెండు రోజులు పోతాయి. ముందు తేడాని ఒక్క అంకెగా నోటుబుక్కులో రాయండి. పైసలతో సహా.

తర్వాత తేడా మొదలైన చోటు పట్టుకోవాలి. డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్‌లో అకౌంట్ బుక్స్, అందులో క్యాష్ బ్యాంక్ బుక్స్‌కి వెళ్ళి ఆ బ్యాంకు మీద ఎంటర్ కొట్టండి. నెలవారీ నిల్వలు వరసగా కనిపిస్తాయి. పక్కన స్టేట్‌మెంట్ పెట్టుకుని సంవత్సరం మధ్యలో ఒక నెల చూడండి. సెప్టెంబరు ఆఖరి నిల్వ కలిసిందా? అయితే ముందు ఆరు నెలల జోలికి వెళ్ళక్కర్లేదు. డిసెంబరు చూడండి. అక్కడ కలవలేదా? తప్పు అక్టోబరు, డిసెంబరు మధ్యలో ఉంది. ఇలా సగం సగం చేసుకుంటూ వస్తే నాలుగైదు చూపుల్లో నెలా, ఇంకో నాలుగైదింటిలో రోజూ తెలిసిపోతాయి.

బ్యాంకు లెక్కకి ఒక మెలిక ఉంది. మీరు ఇచ్చిన చెక్కు పార్టీ ఇంకా వేసుకోకపోతే ఆ మేరకు తేడా ఉండడం సహజం, అది తప్పు కాదు. వీటిని వేరు చెయ్యడానికే ట్యాలీలో బ్యాంక్ రీకన్సిలియేషన్ ఉంది. అక్కడ ఒక్కో ఎంట్రీకి ఎదురుగా స్టేట్‌మెంట్లో డబ్బు నిజంగా కదిలిన తేదీ వేస్తూ పోవాలి. చివర్లో అడుగున బ్యాంకు ప్రకారం నిల్వ అని ట్యాలీ చూపించే అంకె స్టేట్‌మెంట్ ఆఖరి అంకెతో పైసాకి పైసా కలవాలి. బ్యాంకు తేదీ ఖాళీగా మిగిలిపోయి మూడు నెలలు దాటిన ఎంట్రీ కనిపిస్తే మాత్రం అనుమానించండి. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటితే చెల్లదు. ఆ చెక్కు వెనక్కొచ్చి ఉండొచ్చు, లేదంటే ఆ ఎంట్రీ రెండుసార్లు పడి ఉండొచ్చు.

3. ఆ అంకెనే నిలదీయండి

ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు. చాలాసార్లు తేడా అంకే తప్పు ఏమిటో చెప్పేస్తుంది. తొందరపడి ఎంట్రీలు తిరగెయ్యకుండా ఈ నాలుగు ప్రశ్నలూ వెయ్యండి.

ఒకటి: సరిగ్గా ఆ అంకె ఎక్కడైనా ఉందా? బ్యాంకు లెడ్జర్లో (ఖాతాలో) ఆల్ట్ ఎఫ్12 నొక్కి ఆ మొత్తంతో ఫిల్టర్ పెట్టండి. రెండుసార్లు కనిపిస్తే ఎంట్రీ రెట్టించారు. ట్యాలీలో అసలు లేదు, స్టేట్‌మెంట్లో ఉంది అంటే కొట్టడం మరిచారు.

రెండు: తేడాలో సగం ఉందా? తేడా 12,400 అనుకోండి. 6,200 కోసం వెతకండి. దొరికితే అది ఇచ్చిన డబ్బుని వచ్చినట్టు వేసిన ఎంట్రీ. కొత్తగా చేరిన కుర్రాళ్ళు దీన్ని తెగ చేస్తారు, అందుకు కారణం కూడా ఉంది. స్టేట్‌మెంట్లో క్రెడిట్ అని ఉన్నది మన పుస్తకంలో బ్యాంకుకి డెబిట్. స్టేట్‌మెంటు బ్యాంకు వాళ్ళ పుస్తకం, వాళ్ళకి మనం అప్పిచ్చినవాళ్ళం. కనక వాళ్ళ కాలమ్‌ని చూసి అలాగే దించకూడదు. డబ్బు లోపలికొస్తే ఎఫ్6 రిసీట్, బయటికెళ్తే ఎఫ్5 పేమెంట్. ఇంతకు మించి ఆలోచించొద్దు.

మూడు: తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుందా? పోతే అంకెలు తారుమారైనట్టో, సున్నా ఎక్కువ తక్కువ అయినట్టో అనుమానించాలి. 5,640ని 6,540గా కొడితే తేడా 900. తొమ్మిదితో భాగిస్తే 100. అంటే వందల, వేల స్థానాల్లో అంకెలు అటూ ఇటూ అయ్యాయి. భాగించగా వచ్చిన అంకే నేరుగా లెడ్జర్లోనో, స్టేట్‌మెంట్లోనో ఉంటే సున్నా తప్పు. పోయిన ఏడాది ఒక సిమెంటు షాపులో రాత్రి దుకాణం కట్టేసే వేళకి కూడా బ్యాంకు 27,000 దగ్గర ఆగిపోయింది. ఓనరు గారు అప్పటికే రెండుసార్లు టీ తెప్పించారు. "పోనీ లెండి, రేపు చూద్దాం" అంటున్నారు. తొమ్మిదితో భాగిస్తే 3,000. స్టేట్‌మెంట్లో మూడు వేల కోసం చూస్తే హమాలీ మేస్త్రికి పంపిన డబ్బు. ట్యాలీలో అదే రోజు హమాలీ ఖర్చు 30,000. వెతకడం మొదలుపెట్టి మూడు గంటలు, భాగహారం చేశాక మూడు నిమిషాలు.

నాలుగు: 99తో పోతుందా? పాత కీబోర్డుల మీద చుక్క మీట సరిగా పడదు. 1,500.00 కొట్టామనుకుంటాం, 1,50,000 పడుతుంది. తేడా 1,48,500. దాన్ని 99తో భాగిస్తే అసలు అంకె 1,500 బయటికొస్తుంది. దీనికి విరుగుడు, పైసలు లేనప్పుడు చుక్కా సున్నాలూ కొట్టకపోవడమే. ట్యాలీ తనే వేసుకుంటుంది.

ఈ నాలుగింటికీ లొంగలేదంటే తప్పు ఒకటి కాదు, రెండో మూడో కలిసి ఉన్నాయి. రెండో మెట్టుకి వెనక్కెళ్ళి ఒక్కో నెలా విడగొట్టండి, నెలకో అంకె వస్తుంది. అప్పుడు మళ్ళీ అడగండి.

తేడా రూపాయిలోపే ఉంటే అది రౌండింగు. సప్లయర్ బిల్లులో ఉన్నట్టే మీరూ వెయ్యాలి. రౌండ్ ఆఫ్ అని ఒక లెడ్జర్ పెట్టి, దాని రకం ఇన్వాయిస్ రౌండింగ్ అని ఎంచుకుంటే బిల్లులో తనే లెక్కేసుకుంటుంది.

4. కొట్టిన ఎంట్రీ కనబడకపోతే

చాలామంది కంగారుపడి మళ్ళీ కొట్టేస్తారు. ఆ పని చెయ్యకండి. ఎంట్రీ ఎక్కడికీ పోదు, ఈ కింది చోట్ల ఏదో ఒకదాంట్లో ఉంటుంది.

వేరే తేదీలో ఉంటుంది. ఇదే ఎక్కువ. ట్యాలీ మీరు ఆఖరున వేసిన తేదీనే పట్టుకుని కూర్చుంటుంది. ఎఫ్2 నొక్కి మార్చకుండా కొడితే ఇవాళ్టి ఇరవై బిల్లులూ మొన్నటి తేదీలో పడతాయి. ఏప్రిల్లో అయితే ఏకంగా సంవత్సరమే మారిపోతుంది. కొత్త బిల్లు పోయిన ఆర్థిక సంవత్సరంలో కూర్చుంటుంది. ఆల్ట్ ఎఫ్2తో కాలాన్ని రెండేళ్ళకి పెంచి డే బుక్ చూడండి.

ఆప్షనల్ అయి ఉంటుంది. వోచర్ తెరిచి ఉండగా చెయ్యి తగిలి కంట్రోల్ ఎల్ పడితే అది ఆప్షనల్ వోచరవుతుంది, లెక్కల్లోకి రాదు. కంట్రోల్ టి పడితే పోస్ట్ డేటెడ్. రెండూ ఎక్సెప్షన్ రిపోర్ట్స్‌లో దొరుకుతాయి. తెరిచి అదే మీట మళ్ళీ నొక్కి కంట్రోల్ ఏతో సేవ్ చేస్తే సరి.

వేరే కంపెనీలో ఉంటుంది. రెండు షాపులున్నవాళ్ళకీ, కొత్త సంవత్సరానికి కంపెనీని విడగొట్టినవాళ్ళకీ ఇది మామూలే. పైన కంపెనీ పేరు చదివి కొట్టడం అలవాటు చేసుకోండి. రెండు కంపెనీల పేర్లూ ఒకటే అయితే వాటి చివర సంవత్సరం చేర్చండి.

ఇంకొకటి, ఎంట్రీ కనబడకపోవడం కాదు, అసలు తేదీనే తీసుకోకపోవడం. నెలలో 1, 2, 31 తప్ప ఏ తేదీ వేసినా ఒప్పుకోవట్లేదంటే ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉంది. లైసెన్సు చూసుకోండి. ఎలాగోలా పని కానిద్దామని అన్ని బిల్లులూ ఒకటో తారీఖున కొట్టేసినవాళ్ళని చూశాను. తర్వాత ఒక్కోటీ తెరిచి తేదీ మార్చడానికి కొట్టినదానికన్నా ఎక్కువ టైము పట్టింది.

5. రెండుసార్లు పడినవి

ఈ రోజుల్లో రెట్టింపు ఎంట్రీలకి అసలు కేంద్రం కౌంటర్ మీదున్న క్యూఆర్ కోడ్. సాయంత్రం ఆ రోజు అమ్మకం మొత్తాన్ని క్యాష్ సేల్ అని వేస్తారు. మర్నాడు బ్యాంకులో క్యూఆర్ డబ్బు కలిపి పడుతుంది, దాన్ని చూసి మళ్ళీ అమ్మకం కిందే వేస్తారు. అమ్మకం పెరుగుతుంది, దాంతో పన్నూ పెరుగుతుంది, పైగా ట్యాలీలో క్యాషు గల్లాపెట్టెలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

దిద్దే పద్ధతి: క్యూఆర్ వసూళ్ళు అని వేరే లెడ్జర్ ఒకటి బ్యాంక్ అకౌంట్స్ గ్రూపు కింద పెట్టండి. అమ్మకం వేసేటప్పుడే ఎంత క్యాషు, ఎంత క్యూఆర్ అని విడగొట్టండి. బ్యాంకులో పడిన రోజు క్యూఆర్ నుంచి బ్యాంకుకి ఎఫ్4 కాంట్రా (మన క్యాషు, బ్యాంకు ఖాతాల మధ్యే డబ్బు మార్చే ఎంట్రీ) వెయ్యండి. సరిగా వేస్తే క్యూఆర్ లెడ్జర్లో ఒకటి రెండు రోజుల వసూలు మించి నిల్వ ఉండదు. అది పెరుగుతూ పోతోందంటే ఎక్కడో కాంట్రా మరిచారు.

బ్యాంకు నుంచి క్యాషు తీసినప్పుడూ ఇదే గొడవ. బ్యాంకు పుస్తకం చూసి ఒకరు పేమెంట్ వేస్తారు, గల్లా చిట్టా చూసి ఇంకొకరు రిసీట్ వేస్తారు. ఆ రెండింటికీ ఒకే కాంట్రా చాలు.

కొనుగోలు బిల్లులు రెండుసార్లు పడేది ఒకటి వాట్సాప్‌లో వచ్చి, ఇంకొకటి లారీతో కాగితంగా వచ్చినప్పుడు. సప్లయర్ ఇన్వాయిస్ నంబరు గడి ఖాళీగా వదలకండి. కొట్టిన కాగితం మీద ట్యాలీ వోచర్ నంబరు పెన్నుతో వెయ్యండి. ఆ నంబరు లేని కాగితమే కొట్టాల్సిన కాగితం.

6. శ్రీ తెచ్చే చిక్కు

మన షాపుల పేర్లలో సగం శ్రీతో మొదలవుతాయి. ఇంగ్లీషులో ఆ ఒక్క అక్షరాన్నీ మనం కనీసం నాలుగు రకాలుగా రాస్తాం. లక్ష్మికి రెండు స్పెల్లింగులు. దాంతో ఒకే పార్టీకి రెండు మూడు లెడ్జర్లు పుడతాయి. సరుకు ఒకదాంట్లో, డబ్బు ఇంకొకదాంట్లో. ఒకచోట వాళ్ళు మనకి బాకీ, ఇంకోచోట మనమే వాళ్ళకి బాకీ.

పట్టుకోవడం తేలికే. లెడ్జర్ల జాబితా ప్రింటు తీసి ఒకే జీఎస్టీ నంబరున్నవాటిని, ఒకే ఊరివాటిని పెన్సిలుతో కలపండి. ఎంట్రీలు పదీ ఇరవై ఉంటే ఒక్కోటీ తెరిచి పార్టీ పేరు మార్చండి. ఎంట్రీలన్నీ పోయాక ఖాళీ లెడ్జర్ని తీసెయ్యొచ్చు, అంతవరకు ట్యాలీ తియ్యనివ్వదు. వందల్లో ఉంటే ఒక ఎఫ్7 జర్నల్‌తో నిల్వని అసలు ఖాతాకి మార్చి, రెండో పేరు ముందు వాడొద్దు అని చేర్చండి. నేనైతే జీఎస్టీ రిటర్ను వేసేసిన నెలల్లోని అమ్మకం బిల్లులకి పేరు మార్చను, జర్నలే వేస్తాను.

ఇక ముందు రాకుండా ఉండాలంటే లెడ్జర్‌కి ఏలియాస్‌గా, అంటే మారుపేరుగా, పార్టీ సెల్ నంబరు ఆఖరి నాలుగంకెలు పెట్టండి. పేరు బదులు ఆ అంకెలు కొడితే చాలు.

గ్రూపు తప్పులు కూడా ఇక్కడే చూసుకోండి. వోచర్ మధ్యలో ఆల్ట్ సితో తొందరగా లెడ్జర్ చేసేటప్పుడు గ్రూపు చూడకుండా ఎంటర్లు కొట్టేస్తాం. షాపు అడ్వాన్సు ఖర్చుల్లోకి పోతుంది, ఓనరు ఇంటి ఖర్చు షాపు ఖర్చవుతుంది. లాభనష్టాల పట్టీ ఒక్కసారి పైనుంచి కిందికి చదివితే ఇలాంటివి కంటికి తగులుతాయి.

7. డబ్బు వచ్చినా బిల్లు బాకీ చూపిస్తుంటే

పార్టీ మొత్తం నిల్వ సరిగానే ఉంటుంది, బాకీ బిల్లుల జాబితాలో మాత్రం పాత బిల్లు పోదు, పక్కన ఒక మైనస్ కూర్చుంటుంది. రిసీట్ కొట్టేటప్పుడు ఎగెనెస్ట్ రిఫరెన్స్ (పాత బిల్లు మీద జమ) బదులు న్యూ రిఫరెన్స్ (కొత్త లెక్క) ఎంచుకోవడం వల్ల ఇది వస్తుంది. ఆ రిసీట్ తెరిచి రిఫరెన్స్ మార్చి, ఏ బిల్లుకో ఎంచుకోండి. ఏ బిల్లుకో పార్టీ చెప్పకపోతే ఆన్ అకౌంట్ అని పెట్టి తర్వాత మార్చుకోవచ్చు. బాకీ తీర్చినవాడికే మళ్ళీ ఫోన్ చేసి అడిగామంటే పరువు పోయేది మనదే.

8. జీఎస్టీ దగ్గర తప్పులు

తెలంగాణ కోడు 36, ఆంధ్రప్రదేశ్ కోడు 37. హైదరాబాద్ నుంచి విజయవాడకి సరుకు వస్తే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య పన్ను. మాట ఒకటే అయినా పన్నుకి అది వేరే రాష్ట్రం. లెడ్జర్లో రాష్ట్రం గడి మార్చకుండా వదిలేస్తే మన రాష్ట్రమే ఉండిపోయి రాష్ట్రం లోపలి పన్నులైన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. మొత్తం ఒకటే కాబట్టి పార్టీ ఖాతా కలుస్తుంది, 2బితో పెట్టినప్పుడు మాత్రం కలవదు. పార్టీ జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలూ, లెడ్జర్లో రాష్ట్రం పేరూ ఒకటేనా అని చూస్తే చాలు.

జీఎస్టీ నంబరులో 15 స్థానాలు. రాష్ట్రం కోడు రెండు, తర్వాతి పదీ పాన్. పాన్‌లో వరసగా ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. కనక 3 నుంచి 7 వరకు సున్నా ఉండడానికి వీల్లేదు, 8 నుంచి 11 వరకు ఇంగ్లీషు ఓ ఉండడానికి వీల్లేదు. పోర్టల్ తిప్పికొట్టే నంబర్లలో ఈ ఓ, సున్నా తికమక తరచూ కనిపిస్తుంది.

రేట్ల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా సరుకులకి రేటు మారింది. సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది. ఐటెమ్‌లో కొత్త రేటు వేసేటప్పుడు అది ఏ తేదీ నుంచి వర్తిస్తుందో కూడా అడుగుతుంది. ఆ గడిలో మీరు మార్చిన రోజు కాకుండా రేటు మారిన రోజే వెయ్యాలి. ఆ తేదీకి ముందు బిల్లు ఏదైనా దిద్దడానికి తెరిస్తే, సేవ్ చేసే ముందు పన్ను అంకె పాతదే ఉందా అని చూసుకోండి.

రిటర్ను వేసే ముందు ట్యాలీలో జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) తెరిచి, అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్ అన్న వరసలో ఎన్ని ఉన్నాయో చూడండి. అక్కడ సున్నా రావాలి. ఒక్కోదాని మీద ఎంటర్ కొడితే ఏది లోపమో అదే చెబుతుంది.

9. క్యాషు మైనస్

గల్లాపెట్టెలో మైనస్ ఉండదు కదా. కాబట్టి ఇది ఖాయంగా ఎంట్రీ తప్పు. క్యాష్ లెడ్జర్లో ఎఫ్12 నొక్కి రన్నింగ్ బ్యాలెన్స్ చూపించమనండి. మొదట మైనస్‌లోకి దిగిన రోజు ఆగండి. అదే రోజు సాయంత్రానికి ప్లస్‌లోకి వచ్చేస్తే వోచర్ల వరస తేడా మాత్రమే, వదిలెయ్యండి. రోజు ఆఖరికి కూడా మైనస్ ఉంటే ఆ రోజుకో, ముందు రోజులకో వసూలు కొట్టడం మరిచారు, లేదంటే ఓనరు గారు జేబులోంచి పెట్టారు. అది ఆయన పెట్టుబడి ఖాతాలో జమ కావాలి.

దొరక్కపోతే ఏదో ఒక పేరుతో అప్పు తెచ్చినట్టు వేసి మైనస్ పోగొట్టేవాళ్ళున్నారు. ఆడిటర్ గారు మొదట అడిగేది దాని గురించే.

10. ఓపెనింగ్ బ్యాలెన్సుల తేడా

ట్రయల్ బ్యాలెన్స్ అడుగున డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్ అని వరస కనిపిస్తే రోజువారీ ఎంట్రీల్లో వెతకొద్దు. తప్పు లెడ్జర్లలోనే ఉంది. ఆడిటర్ గారి బ్యాలెన్స్ షీటు పక్కన పెట్టుకుని ఒక్కో ఓపెనింగూ చూడండి. ఇక్కడా సగం సూత్రం పనిచేస్తుంది: పార్టీకి డెబిట్ బదులు క్రెడిట్ వేస్తే తేడా రెట్టింపు వస్తుంది. సరుకు నిల్వ ఓపెనింగు మరిచిపోకండి.

11. దిద్దేటప్పుడు

రిటర్ను ఇంకా వెయ్యని నెల అయితే ఎంట్రీ తెరిచి మార్చుకోండి, గొడవ లేదు. కొనుగోలు, ఖర్చు ఎంట్రీలు అక్కర్లేకపోతే ఆల్ట్ డితో తీసెయ్యొచ్చు. అమ్మకం బిల్లుని మాత్రం తియ్యకండి, ఆల్ట్ ఎక్స్‌తో క్యాన్సిల్ చెయ్యండి. నంబరు నిలిచి ఉంటుంది.

నంబర్ల విషయం బాగా చూసుకోవాలి. నంబరింగ్ ఆటోమేటిక్‌లో ఉండి, మధ్యలో పాత తేదీతో బిల్లు చొప్పిస్తే తర్వాతి బిల్లుల నంబర్లన్నీ ఒక్కోటి జరిగిపోయే అవకాశం ఉంది. కస్టమర్ చేతిలో కాగితం మీద 214, మీ ట్యాలీలో 215. సేల్స్ వోచర్ టైప్ తెరిచి, నంబరింగ్ తీరులో రిటెయిన్ ఒరిజినల్ వోచర్ నంబర్ అని పెట్టండి. ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చెయ్యండి.

జీఎస్టీఆర్-1 వేసేశాక అమ్మకంలో తప్పు బయటపడితే ట్యాలీలో దిద్దితే సరిపోదు. 2025 జూలై నెల నుంచి జీఎస్టీఆర్-3బిలో, అంటే పన్ను కట్టే రిటర్నులో, అమ్మకాల పన్ను తనే వచ్చి పడుతుంది, మనం మార్చలేం. 3బి వెయ్యక ముందే జీఎస్టీఆర్-1ఏ అనే సవరణ ఫారంలో సరిచెయ్యాలి. అదీ దాటిపోతే తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో సవరణ. సరుకు తిరిగొచ్చినా, ధర తగ్గించినా క్రెడిట్ నోటు, ఆల్ట్ ఎఫ్6. ఈ-ఇన్వాయిస్ చేసేవాళ్ళకి బిల్లు రద్దుకి 24 గంటలే గడువు.

ఎవరి డబ్బో తెలియకుండా బ్యాంకులో పడితే సస్పెన్స్ అకౌంట్లో వేసి, వివరంలో యూపీఐ 12 అంకెల రిఫరెన్స్ రాయండి. నెలాఖరుకి సస్పెన్స్ సున్నా కావాలి. తేలని తేడాలన్నీ తీసుకెళ్ళి అందులో పడెయ్యడానికి కాదు అది.

12. అన్నీ చూశాక కూడా అంకెలు కదులుతుంటే

ఒకే రిపోర్టు రెండుసార్లు తెరిస్తే రెండు రకాలుగా వస్తున్నా, వోచర్ తెరవగానే ట్యాలీ ఎర్రర్ ఇచ్చి మూసుకుపోతున్నా తప్పు మీ ఎంట్రీలో లేదు, డేటా ఫైలు దెబ్బతింది. కరెంటు పోయినప్పుడు ట్యాలీ తెరిచి ఉంటే ఇది జరుగుతుంది. ఆల్ట్ వైలో రిపేర్ ఉంది. దాన్ని అసలు డేటా మీద నేరుగా నడపకండి. బ్యాకప్‌ని వేరే ఫోల్డర్లో రిస్టోర్ చేసి, ఆ నకలు మీద నడపండి.

రిపేర్‌కి ముందు రెండు కాగితాలు ప్రింటు తీసి పెట్టుకోండి. ఒకటి ట్రయల్ బ్యాలెన్స్. రెండోది స్టేట్‌మెంట్స్ ఆఫ్ అకౌంట్స్‌లో ఉండే స్టాటిస్టిక్స్, అందులో ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయో లెక్క ఉంటుంది. రిపేర్ అయ్యాక అవే రెండూ మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టండి. సేల్స్ 1,184 ఉన్నవి 1,181 అయ్యాయంటే మూడు బిల్లులు పోయాయి. బిల్లు బుక్కు తెరిచి ఆ మూడూ ఏవో చూసి కొట్టుకున్నాకే నకలుని అసలు చోటికి మార్చండి.